తళ్ళికోట వ్యాసంలో తిరుగుసేతల తగువు: ఫిర్యాదు చెయ్యాలా, వదిలెయ్యాలా?

పేరు వెయ్యొద్దని కోరిన ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఆవిడ రెండేళ్ళుగా ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో (వికీలో) స్వచ్ఛందంగా రాస్తున్నారు. అచ్చుతప్పులు దిద్దడం, మొలక (మరీ చిన్న) వ్యాసాలకు నాలుగు వాక్యాలు చేర్చడం తప్ప ఇన్నాళ్ళూ ఎవరితోనూ పేచీ పడింది లేదు. ఈమధ్య, 1565లో విజయనగరానికీ దక్కన్ సుల్తానులకూ మధ్య జరిగిన తళ్ళికోట యుద్ధం మీది వ్యాసం మరీ పల్చగా ఉందనిపించి, రెండు వారాలు చదివి నోట్సు రాసుకుని, 14 వేల బైట్ల పాఠాన్ని ఒకే దిద్దుబాటులో చేర్చారు. తెల్లారేసరికి మరో వాడుకరి మొత్తం తీసేశారు. దిద్దుబాటు సారాంశంలో "మూలాలు సరిగా లేవు, తేదీ తప్పు" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. ఈవిడ మళ్ళీ పెట్టారు, ఆయన మళ్ళీ తీశారు. ఒక్క రోజులో ఇద్దరూ మూడేసి సార్లు. ఈలోగా మూడో వాడుకరి ఒకరు వచ్చి ఈవిడ పాఠాన్నే నిలబెట్టారు గానీ, కారణాల పేరాను తిరగరాసి అది కేవలం మతయుద్ధమని తేల్చేశారు. వ్యాసం పేరునూ "రాక్షసి తంగడి యుద్ధం" అని మార్చారు. రెండో వాడుకరి దాన్నీ తీసేశాక, నిర్వాహకుడు పేజీని ఎవరూ మార్చకుండా వారం రోజుల సంరక్షణ పెట్టి, ఈవిడకూ ఆయనకూ అక్షరం తేడా లేకుండా ఒకే హెచ్చరిక రాశారు.

"కష్టపడి రాసిన నాకూ, ఒక్క క్లిక్కుతో తీసేసిన మనిషికీ ఒకటే హెచ్చరికా?" అని ఆవిడ బాధ. తెలిసినవాళ్ళు ఐదారుగురు ఖాతాలు తెరిచి మద్దతుగా రాస్తామంటున్నారట. వాళ్ళను రమ్మనాలా, నిర్వాహకుడి మీద ఫిర్యాదు చెయ్యాలా, లేక వికీకే దణ్ణం పెట్టి మానెయ్యాలా అని అడుగుతున్నారు. తను రాసిన పాఠాన్నీ, దిద్దుబాటు సారాంశాలనూ జతచేశారు.

సమాధానం:

మీ పాఠం చదివాను. అందులో శ్రమ కనిపిస్తోంది, వాక్యం శుభ్రంగా ఉంది. చాలా భాగం వ్యాసంలో నిలబడదగ్గదే. అయితే రెండు మూడు చోట్ల ఎదుటి వాడుకరి మాట నిజం. ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ముందు హెచ్చరిక గురించి. తిరుగుసేతల (ఒకరి మార్పును మరొకరు వెనక్కి తిప్పడం) గొడవలో నిర్వాహకుడు చూసేది పేజీ చరిత్రలోని లెక్క. ఎవరి పాఠం మంచిదన్న విచారణ ఆయన చెయ్యలేదు, చెయ్యకూడదు కూడా. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లోపు మూడుకు మించి తిరుగుసేతలు చేస్తే ఖాతాకు నిరోధం పడొచ్చు, అంటే కొంతకాలం రాయనివ్వరు. వేరే వికీలు తమ తమ నియమాలు పెట్టుకుంటాయి. పచ్చి దుశ్చర్యను, అంటే పేజీలో బూతులు రాయడం, వ్యాసాన్ని ఖాళీ చెయ్యడం లాంటివాటిని, తిప్పడానికి లెక్క ఉండదు. మూలం బాగాలేదని ఒకరు పాఠం తీసేస్తే, ఆ తీసెయ్యడం పొరపాటే అయినా, అది దుశ్చర్య కిందికి రాదు. మూడు దాకా చేసుకోవచ్చన్న హక్కూ లేదు. 25వ గంటలో నాలుగోది చేసిన మనిషిని కూడా దిద్దుబాటు యుద్ధం కిందే చూస్తారు. కాబట్టి ఆ హెచ్చరిక మీ రాతకు మార్కులు వెయ్యలేదు. సంరక్షణ కూడా అంతే. ఆ క్షణానికి ఏ రూపం ఉంటే దానికే తాళం పడుతుంది. అది మీది కాకపోవడం కేవలం తటస్థించింది.

నిర్వాహకుడి మీద ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో కూడా చూడండి. చదివేవాళ్ళు మొదట తెరిచేది పేజీ చరిత్రనే. అందులో మీ తిరుగుసేతలు మూడు కనిపిస్తాయి. చర్చా పేజీ (వ్యాసం గురించి వాడుకరులు మాట్లాడుకునే చోటు) తెరిస్తే మీరు రాసింది ఒక్క ముక్కా ఉండదు (మీరు జతచేసినవాటిలో ఒక్క చర్చా పేజీ సందేశమూ లేదు). ఫిర్యాదు అక్కడే బలహీనపడుతుంది. ఆ నిర్వాహకుడు స్వయంగా ఆ వ్యాసంలో ఒక పక్షం తీసుకుని రాస్తూ తన అధికారాన్ని వాడి ఉంటే మాట వేరు. మీ ఉత్తరాన్ని బట్టి అలాంటిదేమీ లేదు.

ఇక అసలు చిక్కు. 14 వేల బైట్లను ఒకే దిద్దుబాటుగా భద్రపరిచినప్పుడు ఎదుటివారి చేతికి మీరు ఇచ్చిన పనిముట్టు "రద్దుచెయ్యి" అన్న ఒక్క లింకే. ఆయనకు తేదీ మీద, ఒక మూలం మీద మాత్రమే అభ్యంతరం ఉండి ఉండొచ్చు. వాటిని విడిగా ఏరాలంటే గంటన్నర పని. రద్దు ఒక్క క్లిక్కు. స్వచ్ఛందంగా రాసేవాళ్ళు చాలామంది ఆ క్లిక్కే చేస్తారు. అదే పాఠాన్ని మీరు విభాగాలవారీగా ఏడెనిమిది దిద్దుబాట్లుగా, మధ్యలో కొన్ని గంటలో ఒక రోజో విడిచి, ప్రతిదానికీ సారాంశం రాసి చేర్చి ఉంటే, ఆయన తేదీని తీసేవారు, నేపథ్యం విభాగం జోలికి వచ్చేవారు కాదు. సారాంశం కూడా "విస్తరణ" అని వదిలెయ్యకుండా "నేపథ్యం విభాగం చేర్చాను, ఈటన్ 2005 ఆధారంగా" అని ఉండాలి. తన వీక్షణ జాబితాలో (తను కనిపెట్టి ఉండే పేజీల జాబితాలో) దాన్ని చూసిన మనిషికి పేజీ తెరవకముందే సగం సందేహం తీరుతుంది.

మీ తగువులో నిజానికి ఐదు వేర్వేరు తగువులు ఒకే మూటలో ఉన్నాయి: తేదీ, పేరు, సైన్యాల సంఖ్య, ఓటమికి కారణం, యుద్ధానికి కారణం. మూట విప్పితే రెండు వెంటనే తేలిపోతాయి.

తేదీ చూడండి. మీరు 1565 ఫిబ్రవరి 2 అని రాశారు. రాబర్ట్ సీవెల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్రలో 1565 జనవరి 23, మంగళవారం అని ఉంది. మీరు దాన్ని ఒక కాలమాన మార్పిడి సాధనంలో వేసి పది రోజులు కలిపారు. గ్రెగోరియన్ కాలమానం వచ్చింది 1582లో. అంతకు ముందరి సంఘటనలకు జూలియన్ తేదీనే ఉంచడం చరిత్ర పుస్తకాల్లో మామూలు, ఇంగ్లీషు వికీపీడియా శైలి నియమమూ అదే. మీ లెక్క తప్పు కాదు, కానీ ఆ తేదీ ఏ పుస్తకంలోనూ దొరక్కపోతే చదివే మనిషి తప్పనే అనుకుంటాడు. ఎదుటి వాడుకరి "తేదీ తప్పు" అన్నది దీన్నే అయ్యుంటుంది. ఇదికాక జనవరి 26 అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. కాబట్టి మొదటి వాక్యంలో ఒక తేదీ, పాదసూచికలో రెండో తేదీ, రెండింటికీ పేజీ సంఖ్యతో మూలం. ఈ ముక్కకు ఇంతకన్నా చర్చ అక్కర్లేదు.

పేరు కూడా అంతే తేలిక. తళ్ళికోట కృష్ణకు ఉత్తరాన ఉంది, పోరు నదికి దక్షిణాన జరిగిందని సీవెల్ కాలం నుంచీ చెబుతున్నదే. రాక్షసి తంగడి అన్న పేరూ వాడుకలో ఉంది. వ్యాసం పేరుగా పాఠకులు ఎక్కువగా వెతికే పేరు ఉంటుంది, మిగతా పేర్లు మొదటి వాక్యంలో బొద్దుగా వస్తాయి, వాటితో వెతికినా ఈ పేజీకే చేరేలా దారిమార్పులు పెడతారు. తగువు నడుస్తుండగా పేజీని తరలించడం మాత్రం మూడో వాడుకరి చేసిన పొరపాటు. తరలించాలంటే చర్చా పేజీలో ప్రతిపాదించి, నలుగురూ చూసేదాకా ఆగాలి.

సైన్యాల సంఖ్య, ఓటమికి కారణం దగ్గరే అసలు పని ఉంది. మీరు సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పెట్టెలో) లక్షల అంకెలు వేశారు, పక్కన మూలంగా "ఫెరిష్తా" అని పెట్టారు. ఫెరిష్తా పారశీకంలో రాశాడు. మీ నోట్సును బట్టి మీరు చదివింది సీవెల్‌ను. సీవెల్ ఉటంకించిన ఫెరిష్తాను మీరు నేరుగా చదివినట్టు చూపించారు. పేజీ సంఖ్యలు సరిపోలవు కనుక, ఏదో ఒక ముద్రణ తీసి చూసిన వాడుకరికి "ఈ మూలంలో ఈ మాట లేదు" అనిపిస్తుంది. అక్కడినుంచి మీ మిగతా మూలాల మీద కూడా నమ్మకం పోతుంది. మీరు ఏ పుస్తకం తెరిచి చదివారో దాన్నే మూలంగా ఇవ్వండి: "సీవెల్, ఫలానా పేజీ, ఫెరిష్తాను ఉటంకిస్తూ". ఇంగ్లీషు వ్యాసం నుంచి పుస్తకాల పేర్లు తెచ్చుకుని ఉంటే వాటికీ ఇదే మాట. ఇంకో భాషలోని వికీ వ్యాసం మూలం కాదు. పైగా అక్కణ్ణుంచి అనువదించిన పాఠమైతే, ఆ వ్యాసం నుంచి తెచ్చినట్టు సారాంశంలో లింకుతో చెప్పాలి. లైసెన్సు షరతు అది.

ఇక ఫెరిష్తా ఎవరు? గెలిచిన పక్షాల్లో ఒకటైన బీజాపూరు ఆస్థానంలో ఉండి, యుద్ధమైన దాదాపు నలభై ఏళ్ళకు తన చరిత్రను పూర్తిచేసినవాడు. అందుకని ఆయన్ను పారెయ్యనక్కర్లేదు. కానీ ఆయన చెప్పిన అంకె సమాచారపెట్టెలో విడిగా, ఎవరన్నారో చెప్పకుండా కూర్చుంటే అది నిర్ధారిత సత్యంలా కనిపిస్తుంది. ద్రోహం కథదీ అదే తీరు. ముస్లిం సేనానులు ఇద్దరు ఫిరాయించబట్టే విజయనగర సైన్యాన్ని నడిపిన రామరాయలు ఓడాడని మీరు ఖాయంగా రాసేశారు. దీనికి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి, యుద్ధానంతరం 1567లో విజయనగరానికి వచ్చి ఏడు నెలలు ఉన్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాత. ఆ ఇద్దరి కింద చెరో 70, 80 వేల మంది ఉండేవారని కూడా ఆయనే రాశాడు. అతను యుద్ధభూమిలో లేడు. నగరంలో జనం చెప్పుకుంటున్నది విన్నాడు. అది విలువైన సాక్ష్యమే, కాకపోతే విన్న మాట. ఆ సంగతి వాక్యంలోనే తెలియాలి:

"యుద్ధమైన రెండేళ్ళకు విజయనగరానికి వచ్చిన సీజర్ ఫ్రెడరిక్, రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం మధ్యలో ఫిరాయించడమే ఓటమికి కారణమని రాశాడు."

ఈ వాక్యాన్ని తీసెయ్యడం ఎవరికైనా కష్టం. మీ పాత వాక్యం ఏం జరిగిందో తేల్చింది, ఇది ఎవరేమన్నారో చెప్పింది. చరిత్ర వ్యాసాల్లో ఇద్దరు వాడుకరులు ఏం జరిగిందన్న దాని మీద ఏకాభిప్రాయానికి రాలేకపోవచ్చు. ఎవరేమన్నారన్న దాని మీద మాత్రం పుస్తకం తెరిచి పక్కపక్కన పెట్టుకుంటే దాదాపు ఎప్పుడూ రాగలరు. మీ 14 వేల బైట్లలో ఇలా మార్చాల్సిన వాక్యాలు నా లెక్కకు పదకొండు.

యుద్ధకారణాల పేరా అన్నిటికన్నా కష్టం, దానికి వారాలు పట్టొచ్చు. పాత చరిత్రకారులు దీన్ని రెండు మతాల పోరుగా చూపారు. ఇటీవలివారిలో రిచర్డ్ ఈటన్ వంటివారు (దక్కన్ సామాజిక చరిత్ర, 2005) రాజకీయాన్ని, ముఖ్యంగా సుల్తానుల తగవుల్లో ఒకసారి ఒకరి పక్షం, మరోసారి మరొకరి పక్షం వహిస్తూ వచ్చిన రామరాయల ఎత్తుగడలను ముందుకు తెస్తారు. వ్యాసంలో రెండూ రావాలి. తటస్థత అంటే చెరి సగం అనుకోకండి. ఈనాటి చరిత్రకారులు దేనికి ఎంత బరువు ఇస్తున్నారో ఆ నిష్పత్తిలో రావాలి. మూడో వాడుకరి మీ పక్షాన నిలబడ్డారని ఆయన పేరాను వెనకేసుకు రావద్దు. మీ పాఠాన్ని మెచ్చుకుని మూలం లేని వాక్యం చేర్చినవాళ్ళ వల్ల, తీసేసినవాళ్ళ కంటే ఎక్కువ చేటు జరుగుతుంది. "ఈ పేరాకు మూలం కావాలి, పేజీ సంఖ్య ఇవ్వగలరా?" అని ఆయన్నీ అడగండి, అందరూ చూసేలా. ఎదుటి వాడుకరికి మీ మీద నమ్మకం కలగడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తోచదు.

సంరక్షణలో ఇంకా రోజులున్నాయి కదా, ఈలోగా చర్చా పేజీలో మొదలుపెట్టండి. విభాగం పేరు "అన్యాయమైన తొలగింపులు" అని పెట్టకండి, ఎదుటివారి పేరు శీర్షికలో అసలు వద్దు. ఒక విభాగానికి ఒకే విషయం. తేదీతో మొదలుపెట్టండి, అందులో ఒప్పుకోవాల్సింది మీ వైపే ఉంది కాబట్టి:

"యుద్ధం తేదీ. నమస్కారం. ఫిబ్రవరి 2 అని రాసింది నేనే. జనవరి 23ను నేనే కొత్త కాలమానంలోకి మార్చాను, ఆ మార్పుకు మూలం లేదు, తీసెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు. సీవెల్ (1900) జనవరి 23, మంగళవారం అంటాడు. జనవరి 26 అని కూడా కొన్ని పుస్తకాల్లో ఉంది. మొదటి వాక్యంలో 23 ఉంచి, 26 సంగతి పాదసూచికలో రాద్దామా? మీ దగ్గర 26కు పేజీ సంఖ్యతో మూలం ఉంటే ఇక్కడ ఇవ్వగలరు."

చివర నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చెయ్యండి. ఆయన వాడుకరి పేరుకు లింకు ఇచ్చి పిలవాలంటే, పేరూ సంతకమూ ఒకే దిద్దుబాటులో భద్రపరచాలి. సంతకం మర్చిపోయి తర్వాత విడిగా చేరిస్తే ఆయనకు గమనింపు వెళ్ళదు. "పిలిచినా పలకలేదు" అనుకునే అపార్థాల్లో కొన్ని ఇక్కడే పుడతాయి. పాత రూపం గురించి మాట్లాడేటప్పుడు "మీరు మొన్న తీసేసింది" అనకుండా పేజీ చరిత్రనుంచి ఆ తేడా లింకు (ఆ మార్పుకు ముందూ వెనకా రూపాలను చూపేది) ఇవ్వండి.

ద్రోహం పేరాను, కారణాల పేరాను నేరుగా వ్యాసంలో పెట్టే ముందు మీ ప్రయోగశాలలో (సొంత చిత్తుపేజీలో) పెట్టి, ఆయన్ను అక్కడే దిద్దమనడం ఒక దారి. దీనికి ఓపిక కావాలి, మీ పేజీలో ఆయన కోత పెడుతుంటే చూస్తూ ఉండాలి. కానీ తను దిద్దిన వాక్యాన్ని తనే తీసేసేవాళ్ళు అరుదు. ఆయన వారం పది రోజులు పలక్కపోతే, చర్చా పేజీలో ప్రతిపాదన అలాగే ఉంచి, ఒక్కో విభాగాన్నీ విడిగా చేర్చండి. మౌనం అంగీకారమనే అర్థం తాత్కాలికం. ఆయన తిరిగొచ్చి అభ్యంతరం చెబితే మళ్ళీ కూర్చోవాలి.

ఇద్దరి మధ్యా తెగకపోతే, ఈ తగువుతో సంబంధం లేని మరో వాడుకరిని మూడో అభిప్రాయం అడగొచ్చు. అది ఇద్దరి మధ్య తగువుకే పనికొస్తుంది, వచ్చిన అభిప్రాయానికి ఎవరూ కట్టుబడనక్కర్లేదు. అదీ చాలకపోతే రచ్చబండ లాంటి అందరి చర్చావేదికలో ప్రశ్న పెట్టండి. ప్రశ్న ఒకటే ఉండాలి, మీ పక్షం ఏదో అందులో తెలియకూడదు: "ఓటమికి కారణాల విభాగంలో ఫ్రెడరిక్ కథనాన్ని ఎలా చెప్పాలి?" ఇలాంటివి ఇంగ్లీషు వికీపీడియాలో సాధారణంగా 30 రోజులు తెరిచి ఉంచుతారు. చిన్న వికీలో నలుగురు స్పందిస్తే గొప్ప, ఒక్కరూ రాకపోవచ్చు కూడా. దానికి సిద్ధపడే వెళ్ళండి.

స్నేహితుల విషయంలో మాత్రం నా మాట ఖండితం: వద్దు. ఏకాభిప్రాయాన్ని తలల లెక్కతో తేల్చరు కాబట్టి వాళ్ళ ఐదు ఓట్లు ఐదుగా చెల్లవు. ఒకే వారంలో పుట్టి ఒకే వ్యాసంలో ఒకే మాట అనే ఖాతాలను అనుభవమున్నవాళ్ళు ఇట్టే పోలుస్తారు. అవన్నీ మీ దొంగ ఖాతాలేనన్న అనుమానంతో విచారణ మొదలైతే, అవి నిజమైన మనుషులవేనని రుజువు చేసుకోవాల్సిన బరువు మీ మీద పడుతుంది, రెండేళ్ళ మంచిపేరు ఒక్క సాయంత్రంలో పోతుంది. వాళ్ళకు నిజంగా ఆసక్తి ఉంటే వేరే వ్యాసాలతో మొదలుపెట్టమనండి. లేదా గ్రంథాలయంలో మీకు దొరకని పుస్తకం పేజీలు వెతికి పెట్టమనండి, అది చాలా పెద్ద సాయం.

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి: సీవెల్ పుస్తకం కాపీరైటు దాటింది, గుటెన్‌బర్గ్ ప్రాజెక్టులో ఉచితంగా ఉంది. కొత్త పుస్తకాలకు, పత్రికలకు వికీపీడియా లైబ్రరీ ఉంది. 500 దిద్దుబాట్లు, ఆరు నెలల ఖాతా, గత నెలలో 10 దిద్దుబాట్లు, ఖాతా మీద నిరోధం లేకపోవడం దాని అర్హతలు. రెండేళ్ళుగా రాస్తున్నారు, చాలావరకు మీకు సరిపోతాయి. 1900 నాటి పుస్తకం ఒక్కటే ఆధారంగా 2000ల నాటి చర్చ ఉన్న విషయాన్ని రాస్తే అభ్యంతరాలు వస్తూనే ఉంటాయి.

ఎదుటి వాడుకరి నిజంగానే మొండిగా ఉంటే? అడిగినా మూలం ఇవ్వకపోవడం, పేజీ సంఖ్యతో ఉన్న వాక్యాలనూ తీసెయ్యడం, మీరు వేరే వ్యాసాలకు వెళ్తే అక్కడికీ వచ్చి మీవే తిప్పడం, ఈ మూడూ ఉంటే తేడా లింకులు తేదీలతో పోగుచేసి, విశేషణాలు లేకుండా పది వాక్యాల్లో నిర్వాహకులకు రాయండి. ఇప్పటిదాకా మీరు చెప్పినవాటిలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

మానెయ్యడం కూడా తప్పు కాదు. ఇది మీ జీతం రాళ్ళ పని కాదు, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని రాశారు. ఒక నెల ఈ వ్యాసాన్ని వీక్షణ జాబితాలోంచి తీసెయ్యండి. మీ పాఠం ఎక్కడికీ పోదు, పేజీ చరిత్రలో మీ పేరుతోనే ఉంటుంది. రేపు ఇంకెవరైనా దాన్ని తీసుకుని వాడుకోవచ్చు. ఈలోగా అళియ రామరాయల వ్యాసంలోనో, బీజాపూరు సుల్తానుల వ్యాసంలోనో, ఇదే చదువుతో, ఒక్కో పేరా చొప్పున రాయొచ్చు. చాలామంది అలా వెళ్ళి, ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి పాత తగువును రెండు రోజుల్లో తేల్చుకుంటారు.

ఉండాలనే అనుకుంటే, సంరక్షణ తీసిన రోజున మీ మొదటి దిద్దుబాటు ఎంత చిన్నదైతే అంత మంచిది. చర్చా పేజీలో తేదీ మీద ఆయన సరేనంటే ఆ ఒక్క పాదసూచికే చేర్చి, సారాంశంలో "చర్చా పేజీలో అనుకున్న ప్రకారం తేదీ, సీవెల్ పేజీతో" అని రాసి, ఆ రోజుకు అక్కడితో ఆపండి. ద్రోహం పేరా మర్నాటికి ఉంచండి.